మిఠాయి వాసన తేయాకు: కొనేది ఎవరు, నిలిచేది ఎంత?

తేయాకు వ్యాపారంలో సరుకు చూసే పద్ధతి వర్తకులందరికీ తెలిసినదే. పొడి రంగు, గింజ బిగువు, డికాషన్ చిక్కదనం, పాలు పోసిన తర్వాత తేలే రంగు, చివరకు ధర. ఈ అయిదూ కుదిరితే బేరం కుదిరినట్లే. అయితే గత కొన్నేళ్ళుగా పెద్ద నగరాల అంగళ్ళలోను, ఇంటర్నెట్ ద్వారా జరిగే అమ్మకాలలోను ఈ కొలతలకు లొంగని సరుకు ఒకటి కనిపిస్తున్నది. డబ్బా మీద పేర్లు చూస్తే వెనిల్లా, కారమెల్, చాక్లెట్, దాల్చిన చెక్క, నారింజ, బాదం అని ఉంటాయి. మూత తీస్తే బేకరీలో అడుగు పెట్టినట్లు వాసన వస్తుంది. లోపల ఉన్నది మాత్రం మిఠాయి కాదు, మామూలు నల్ల తేయాకు.

ఈ సరుకు మన టోకు బజారుకు పనికివస్తుందా, లేక పట్టణాల ధనికుల మోజుగా మిగిలిపోతుందా అన్న సందేహం వర్తకులలో ఉండడం సహజం. దీనికి సూటి జవాబు ఒకటే. కొనేవారు ఉన్నారు. కాని రోజూ పాలూ పంచదారా పోసి చిక్కటి టీ తాగే ఖాతాదారు ఇందులో లేడు. ఎవరు కొంటారో తెలుసుకోకుండా డస్టు సరుకు పట్టినట్లు దీనిని పట్టితే పెట్టుబడి గోడౌనులో ఇరుక్కుంటుంది. విదేశాలలో పెద్ద పెద్ద సంస్థలకే ఈ అనుభవం ఎదురైంది.

సరుకు ఏమిటి?

ముందుగా ఒక తేడా గమనించవలసి ఉన్నది. అల్లం, ఏలకులు, మిరియాలు దంచి వేసి మరిగించే మసాలా టీ వేరు. టేపియోకా గుళికలు, పాలు, పంచదార కలిపి అమ్మే తైవాన్ తరహా బబుల్ టీ వేరు. మసాలా టీలో ఘాటు ముఖ్యం. బబుల్ టీ స్వయంగా ఒక తీపి పదార్థం. ఇప్పుడు చెప్పుకుంటున్న సరుకులో తీపి అసలు లేదు. ఆకుకు మిఠాయి వాసన పట్టించి, పాలు లేకుండా గాని, కొద్ది పాలతో గాని తాగడానికి తయారుచేసినది.

తేయాకుకు పరిమళం అద్దడం కొత్త విద్య కాదు. చైనాలో మల్లెపూలతో, గులాబీలతో ఆకుకు వాసన పట్టించడం ఎంతో కాలంగా ఉన్నది. పాశ్చాత్య దేశాలలో అన్నిటికంటె పేరుపడినది ఎర్ల్ గ్రే. ఇటలీ దక్షిణ ప్రాంతమైన కలబ్రియాలో ఎక్కువగా పండే బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్క నూనెను నల్ల తేయాకుకు పట్టిస్తే వచ్చేదే అది. 1830 నుంచి 1834 వరకు బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన రెండవ ఎర్ల్ గ్రే పేరు దానికి నిలిచింది. అమెరికాలో 1945లో రూత్ కాంప్‌బెల్ బిగెలో అనే మహిళ నారింజ తొక్క, సుగంధ ద్రవ్యాలు కలిపి కాన్‌స్టంట్ కామెంట్ పేరుతో ఒక నల్ల తేయాకును అమ్మకానికి పెట్టారు. ఆ పేరు నేటికీ బజారులో ఉన్నది. పారిస్‌లో 1854 నుంచి వ్యాపారం చేస్తున్న మరియాజ్ ఫ్రేర్ సంస్థ చాక్లెట్, కారమెల్ పరిమళాలతో వెడ్డింగ్ ఇంపీరియల్ అనే రకాన్ని అమ్ముతున్నది. శ్రీలంకకు చెందిన డిల్మా సంస్థ కూడా కారమెల్ రకాన్ని తన డబ్బాలలో చేర్చింది. అంటే పండు, పువ్వు వాసనలతో మొదలైన వ్యాపారం క్రమంగా మిఠాయి దుకాణం వైపు నడిచింది.

తీపి లేని తీపి

పంచదార వేయకుండానే తీపి అనిపించడం ఈ సరుకులోని కీలకం. దీని వెనుక మాయ ఏమీ లేదు. మనం రుచి అని చెప్పుకునే దానిలో ఎక్కువ భాగం వాసనే. గుటక వేసినప్పుడు నోటి వెనుక నుంచి ముక్కులోకి వెళ్ళే ఆవిరి రుచిని నిర్ణయిస్తుంది. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండడానికి కారణం అదే.

వెనిల్లా ఎసెన్సు చుక్క నాలుకపై వేసుకుంటే చేదుగా ఉంటుంది. అయినా ఆ వాసన తగలగానే తీపి గుర్తుకు వస్తుంది. చిన్ననాటి నుంచి ఐస్‌క్రీములోను, కేకులోను ఆ వాసనతో పాటు పంచదార తిన్న అలవాటు వల్ల మెదడు రెండింటినీ జత కట్టింది. పంచదార కాగినప్పుడు వచ్చే కారమెల్ వాసన సంగతీ ఇంతే.

మన వర్తకులకు ఇందులో ఒక సూచన ఉన్నది. తీపిని గుర్తుచేసే వాసన ప్రతి ప్రాంతంలోనూ ఒకటే కాదు. తెలుగు ఇళ్ళలో పాయసం, బొబ్బట్లు, కజ్జికాయలు, రవ్వలడ్డు అన్నిటిలోనూ ఉండే వాసన ఏలకులది. ఏలకుల టీ కొద్దిగా పంచదార తగ్గినా తియ్యగా అనిపించడానికి ఆ అలవాటే కారణం. ఆ లెక్కన మిఠాయి వాసన టీ మన ఇళ్ళకు కొత్తది కాదు, ఏలకులే మన వెనిల్లా. వెనిల్లా, చాక్లెట్ వాసనలకు తీపి గుర్తుకు వచ్చేది పుట్టినరోజు కేకుతో, ఐస్‌క్రీముతో పెరిగిన తరానికి. అరవై ఏళ్ళు దాటిన ఖాతాదారుకు అదే డబ్బా ఇస్తే మందు వాసన అనవచ్చు. సరుకు పట్టే ముందు అంగడికి వచ్చేవారి వయస్సు చూసుకోవడం అవసరం.

ఏ ఆకు పనికివస్తుంది?

భారతదేశంలో 2023లో సుమారు 139 కోట్ల కిలోల తేయాకు ఉత్పత్తి అయింది. ఆ ఏడాది ఎగుమతులు సుమారు 23 కోట్ల కిలోలు. మిగిలినదంతా దేశంలో వినియోగానికే. ఉత్పత్తిలో చాలా భాగం సి.టి.సి. రకం. ఆకును చుట్టలు చుట్టి చేసే ఆర్థొడాక్స్ రకం దానితో పోలిస్తే చాలా తక్కువ. పరిమళ తేయాకు వ్యాపారానికి ఎక్కువగా కావలసింది ఆర్థొడాక్స్ ఆకే. గింజ సి.టి.సి., ఫానింగ్స్ టీ సంచులకు పోతాయి.

అన్ని ఆకులూ అన్ని వాసనలకు నప్పవు. అస్సాం ఆర్థొడాక్స్‌లో సహజంగానే మాల్టు వాసన ఉంటుంది. చాక్లెట్, కారమెల్, బాదం వంటి బరువైన వాసనలను అది మోయగలదు, కొద్దిగా పాలు పోసినా నిలబడగలదు. చైనాలోని కీమన్ ఆకులో సహజంగా ఉండే కోకో ఛాయ కూడా ఈ పనికి అనుకూలమే. నీలగిరి ఆకు తేలికైనది. నారింజ, వెనిల్లా వంటి వాటికి బాగా నప్పుతుంది. చల్లారినా డికాషన్ మసకబారకుండా తేటగా ఉండడం దాని సుగుణం. అందువల్ల ఐసు టీకి కూడా పనికివస్తుంది. డార్జిలింగ్ తొలి కోత వంటి ఖరీదైన ఆకుకు వాసన పట్టించడం దండగ. దాని సొంత పరిమళం మునిగిపోతుంది.

తయారీ క్రమం ఇది. ఆరబెట్టిన ఆకును తిరిగే డ్రమ్ములో వేసి, ద్రవరూపంలో ఉన్న పరిమళాన్ని సన్నని తుంపరగా చల్లుతారు. సామాన్యంగా కిలో ఆకుకు 10 నుంచి 30 గ్రాముల వరకు పడుతుంది. తర్వాత మూత బిగించి కొంత కాలం ఉంచితే వాసన ఆకు అంతటికీ సమంగా పడుతుంది. కోకో పలుకులు, దాల్చిన చెక్క ముక్కలు, బాదం చీలికలు, ఎండు కొబ్బరి చివరలో కలుపుతారు. వీటివల్ల డబ్బాకు అందం వస్తుంది గాని రుచిలో చాలా భాగం తుంపరదే. టీ సంచులలో ద్రవానికి బదులు పరిమళపు గుళికలు కలిపే పద్ధతి కూడా ఉన్నది.

నాసిరకం ఆకును వాసనతో కప్పి అమ్మవచ్చునన్న ఆశ కొందరికి కలగవచ్చు. ఈ సరుకులో అది చెల్లదు. పాలూ పంచదారా ఉంటే ఆకు లోపం దాగుతుంది. ఇక్కడ రెండూ లేవు. ముక్కుకు కేకు వాసన, నాలుకకు వగరు తగిలితే ఖాతాదారు రెండో డబ్బా కొనడు.

వెనిల్లా నేర్పిన పాఠం

పరిమళాలలో రాణి వెనిల్లా. దాని ధరల చరిత్ర దినుసుల వర్తకులందరూ తెలుసుకోదగినది. వెనిల్లా పుట్టిల్లు మెక్సికో. అక్కడ దాటిన తర్వాత పువ్వు పూసినా కాయ కాచేది కాదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో బానిసగా ఉన్న ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ళ బాలుడు చేతితో పరాగ సంపర్కం చేసే సులువు కనిపెట్టాడు. నేటికీ ప్రతి పువ్వునూ మనిషి చేయి తాకవలసిందే. ఖరీదుకు మొదటి కారణం ఇది. కాయ కోసిన తర్వాత నెలల తరబడి మగ్గబెట్టి ఆరబెట్టడం రెండవది. ప్రపంచ సరఫరాలో అధిక భాగం మడగాస్కర్ ఒక్క దేశం నుంచే రావడం మూడవది. అక్కడ తుపాను వస్తే బజారు ఎగిరిపడుతుంది.

2000లో వచ్చిన తుపాను తర్వాత ధర పెరుగుతూ 2003 నాటికి కిలో ఎండు కాయ 500 డాలర్ల ప్రాంతానికి చేరింది. ఆ ధర చూసి కేరళ, కర్ణాటకలలో వేలాది రైతులు వెనిల్లా తీగ నాటారు. కాయ చేతికి వచ్చేసరికి, 2004, 2005 సంవత్సరాలలో ధర కుప్పకూలింది. తీగలు పీకివేసినవారెందరో. 2017 మార్చిలో మడగాస్కర్‌ను మళ్ళీ తుపాను తాకింది. 2018లో ధర కిలో 600 డాలర్ల ప్రాంతానికి పోయి వెండిని మించింది. ఆ తర్వాత అదీ నిలవలేదు.

ఇక వెనిల్లా వాసనకు ముఖ్య కారణమైన వెనిలిన్‌ను 1874లోనే జర్మనీలో కృత్రిమంగా తయారుచేశారు. ప్రపంచంలో వాడే వెనిల్లా వాసనలో అసలు కాయ నుంచి వచ్చేది 1 శాతానికి మించదని అంచనా. అందువల్ల డబ్బా మీద వెనిల్లా అని ఉన్నంత మాత్రాన లోపల కాయ ఉన్నట్లు కాదు. ఈ తేడా విదేశాలలో ధరకు సంబంధించినది. మన దేశంలో చట్టానికి సంబంధించినది.

చట్టం చెప్పేది

ఆహార భద్రత, ప్రమాణాల నిబంధనల ప్రకారం తేయాకులో రంగు కలపరాదు. పరిమళం కలపవచ్చును గాని అది సహజమైనదై ఉండాలి. మొక్కల నుంచి, భౌతిక పద్ధతుల ద్వారా మాత్రమే తీసినదై ఉండాలి. అదీ ప్యాకెట్ సరుకులో మాత్రమే. పరిమళం కలిపిన ఆకును సంచిలో పోసి విడిగా తూచి అమ్మడానికి వీలులేదు. తయారీదారు టీ బోర్డు వద్ద నమోదు చేసుకోవాలి. ఫ్లేవర్డ్ టీ అన్న మాట, కలిపిన పరిమళం పేరు, దాని శాతం, నమోదు సంఖ్య ప్యాకెట్ మీద ఉండాలి. ఆధారంగా వాడిన ఆకు కూడా మామూలు తేయాకు ప్రమాణాలకు లోబడి ఉండాలి. ఉదాహరణకు, నీటిలో దిగే సారం 32 శాతానికి తగ్గరాదు.

దీని ప్రభావం సరుకు ఎంపిక మీద ఉన్నది. వెనిల్లా, కోకో, దాల్చిన చెక్క, నారింజ, ఏలకుల విషయంలో దారి తిన్నగా ఉన్నది. కేకు, బిస్కట్టు, బటర్‌స్కాచ్ వంటి పేర్లు వచ్చినప్పుడు మాత్రం ఆ వాసన ఏ మొక్క నుంచి ఎలా తీశారన్న ప్రశ్న లేస్తుంది. తయారీదారు దగ్గర లిఖితపూర్వకమైన జవాబు తీసుకోవడం వర్తకునికి క్షేమం. విదేశీ డబ్బాలను సామానుతో తెప్పించి అమ్మేవారికి ఈ ప్రశ్న మరింత వర్తిస్తుంది. బాదం, హేజిల్‌నట్ వంటి పప్పులు కలిపిన రకాలపై ఆ సంగతి స్పష్టంగా ఉండాలి. పప్పులు పడనివారికి అది ప్రాణాపాయం కావచ్చు. పన్ను విషయంలో చిక్కు లేదు. పరిమళం కలిపినా, కలపకపోయినా తేయాకు ఒకే శీర్షిక కిందకు వస్తుంది. జి.ఎస్.టి. 5 శాతం.

ఇష్టపడేది ఎవరు?

మొదటి వర్గం పంచదార తగ్గించినవారు. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగానే. దానికి అంచున ఉన్నవారు మరో 13 కోట్లకు పైగా. రోజుకు మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాల పంచదార వేసుకునేవారు టీ ద్వారానే 25 నుంచి 30 గ్రాముల పంచదార తీసుకుంటారు. మానమని డాక్టరు చెప్పిన మరునాటి నుంచి టీ చప్పగా తోస్తుంది. అటువంటివారికి కారమెల్, దాల్చిన చెక్క రకాలు ఊరట ఇవ్వగలవు. పాలూ పంచదారా లేని కప్పులో కేలరీలు నామమాత్రం. అయితే ఇది మందు కాదు. మధుమేహం తగ్గిస్తుందని బోర్డు పెట్టి అమ్మడం తప్పు. పైగా ఇంటికి వెళ్ళి ఇందులోనూ రెండు చెంచాలు వేసుకుంటే కొన్న ప్రయోజనమే పోతుంది.

రెండవ వర్గం భోజనం ముగిశాక నోటికి ఏదో ఒక తీపి తగలాలని కోరుకునేవారు. మిఠాయి తినరాదు, మనస్సు ఊరుకోదు. వీరికి చాక్లెట్, వెనిల్లా రకాలు నచ్చుతాయి. మంచి హోటళ్ళు భోజనం చివర ఈ టీని జాబితాలో పెట్టడం ఇందుకే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నల్ల తేయాకు కప్పులో 40, 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రాత్రి పది గంటలకు తాగి నిద్ర పట్టలేదనేవారికి ఇది తగదు.

మూడవ వర్గం యువకులు, ముఖ్యంగా కాఫీ దుకాణాలకు అలవాటుపడినవారు. వట్టి బ్లాక్ టీ వగరని వీరు తాగరు. చాక్లెట్ వాసనతో మొదలుపెట్టి కొందరు ఆరునెలలలో మామూలు అస్సాం, నీలగిరి ఆకుకు వస్తారు. ఈ విధంగా పరిమళ తేయాకు మంచి ఆకుకు వాకిలి వంటిది. రెండింటినీ పక్కపక్కన ఉంచే అంగడికి ఇందులో లాభం ఉన్నది.

నాలుగవ వర్గం బహుమతి కొనేవారు. తాగేది వీరు కాదు. డబ్బా అందం, పేరు, దీపావళి, కొత్త సంవత్సరం తేదీలు వీరికి ముఖ్యం. అమ్మకం ఒక్కసారిగా వచ్చి ఒక్కసారిగా ఆగిపోతుంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలు తెచ్చిన డబ్బాతో ఈ రుచి ఎరిగి, అది అయిపోయాక ఇక్కడ దొరుకుతుందా అని అడిగే తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. వీరు కొద్దిమందే గాని రుచి తెలిసి అడిగేవారు.

ఇష్టపడనివారి జాబితా కూడా తెలిసి ఉండాలి. చిక్కటి పాల టీ కోరేవారు, డార్జిలింగ్ వంటి స్వచ్ఛమైన ఆకు రుచి ఎరిగినవారు, సెంటు వాసన పడనివారు ఈ సరుకు ముట్టుకోరు. వీరికి అంటగట్టిన డబ్బా అంగడికి చెడ్డపేరు తెస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది కాచే పద్ధతి. మన ఇళ్ళలో పొడిని పొంగు వచ్చేదాకా మరిగిస్తాము. ఈ ఆకును అలా మరిగిస్తే వంటిల్లంతా వాసన వస్తుంది, కప్పులో ఏమీ మిగలదు. పరిమళం ఆవిరితో పోతుంది. పొయ్యి దించిన వేడినీళ్ళు కప్పుకు 2 గ్రాముల ఆకుపై పోసి, మూత పెట్టి, మూడు నాలుగు నిమిషాలు ఉంచి వడపోయాలి. ఈ నాలుగు మాటలూ తెలుగులో చీటీ మీద ముద్రించి డబ్బాతో ఇచ్చినట్లయితే తిరిగి వచ్చే ఫిర్యాదులు తగ్గుతాయి.

62 కోట్ల డాలర్ల అనుభవం

ఈ వ్యాపారంలో ఆశకు, హద్దుకు కూడా నిదర్శనం అమెరికాలోని టీవానా. 1997లో అట్లాంటాలో మొదలైన ఈ సంస్థ పెద్ద పెద్ద షాపింగ్ మాల్‌లలో దుకాణాలు తెరచి, పండ్లు, మిఠాయి పరిమళాల తేయాకును విడిగా అమ్మి పేరు తెచ్చుకున్నది. 2012లో స్టార్‌బక్స్ సంస్థ 62 కోట్ల డాలర్లకు దానిని కొన్నది. అయిదేళ్ళు తిరగకముందే, 2017 జులైలో, మొత్తం 379 టీవానా దుకాణాలనూ మూసివేస్తున్నట్లు ప్రకటించింది. మాల్‌లకు వచ్చే జనం తగ్గడం కారణమని చెప్పింది. టీవానా పేరు మాత్రం స్టార్‌బక్స్ అంగళ్ళలో అమ్మే టీల మీద మిగిలింది.

కెనడాలో 2008లో మొదలైన డేవిడ్స్ టీ కథ కూడా ఇటువంటిదే. కేకు, మిఠాయి పేర్ల తేయాకుతో వందలాది దుకాణాలకు విస్తరించిన ఆ సంస్థ, 2020లో కరోనా దెబ్బ తర్వాత అమెరికాలోని దుకాణాలన్నిటినీ, కెనడాలో చాలా భాగాన్నీ మూసివేసి, ఇంటర్నెట్ అమ్మకాలవైపు, కిరాణా అంగళ్ళవైపు తిరిగింది.

రెండు సందర్భాలలోనూ దెబ్బతిన్నది దుకాణం. సరుకుకు గిరాకీ పూర్తిగా పోలేదు. ఒక కుటుంబం 50 గ్రాముల డబ్బాను నెల రోజులు వాడుకుంటుంది. అంత నిదానంగా తిరిగే సరుకు ఒక్కదానిమీద ఖరీదైన మాల్ అద్దె నెట్టుకురావడం కష్టం. ఇతర సరుకుతో పాటు ఒక అరలో ఉంటే అదే సరుకు నిలదొక్కుకోగలదు.

లెక్క ఎక్కడ తేలుతుంది?

కేవలం ఉదాహరణ కోసం ఒక లెక్క వేసుకుందాం. కిలో మంచి ఆకు 300 రూపాయలు. 20 గ్రాముల పరిమళం, కిలో 4,000 రూపాయల వంతున, 80 రూపాయలు. కిలోకు 50 గ్రాముల డబ్బాలు 20. డబ్బా, లేబులు కలిసి 40 రూపాయల వంతున 800 రూపాయలు. మొత్తం 1,180. డబ్బా ఒక్కింటికి 59 రూపాయలు. కూలి, రవాణా, కమీషను ఇందులో చేర్చలేదు.

డబ్బా 75 రూపాయలకు ఇస్తే 20 డబ్బాలకు 1,500 రూపాయలు వస్తాయి. మిగులు 320. గడువులోగా 4 డబ్బాలు అమ్ముడుపోలేదనుకుందాం. 16 డబ్బాలకు వచ్చేది 1,200. మిగులు 20 రూపాయలు మాత్రమే. అయిదవ వంతు సరుకు నిలిచిపోతే లాభం దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుందన్నమాట.

ఈ లెక్కలో మరో సంగతి ఉన్నది. ఆకులో కిలోకు 50 రూపాయలు తగ్గించుకుంటే డబ్బాకు కలిసివచ్చేది రెండున్నర రూపాయలు. కప్పుకు 10 పైసలు. ఆ 10 పైసల కోసం నాసి ఆకు వాడి ఖాతాదారును పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు. ఖర్చు తగ్గించుకోదలచినవారు డబ్బా దగ్గర తగ్గించుకోవాలి. రోజువారీ వాడకానికి గాలి చొరని సంచీ ప్యాకెట్, బహుమతికి మాత్రమే రేకు డబ్బా అన్న విభజన మేలు.

గోడౌనులో జాగ్రత్తలు

తేయాకు పక్క వాసన పీల్చుకునే సరుకని తెలియని కిరాణా వర్తకుడు లేడు. ఇంగువ, సబ్బులు, అగరువత్తులు, కర్పూరం దగ్గర టీ పెట్టెలు పెట్టరు. పరిమళ తేయాకు విషయంలో రెండువైపులా కాపు కావాలి. అది ఇతర వాసన పీల్చుకుంటుంది, తన వాసన ఇతర టీకి అంటిస్తుంది. వెనిల్లా డబ్బాల మూతలు వదులుగా ఉంటే పక్కనున్న డస్టు బస్తాకు కేకు వాసన పట్టి, హోటలు ఖాతాదారు సరుకు తిప్పిపంపిన తర్వాత గాని తెలియదు. అరలు వేరుగా ఉండాలి. విడగొట్టి ప్యాక్ చేసేవారు తూకం పళ్ళేలు, గరిటెలు కూడా వేరుగా ఉంచుకోవాలి.

ఆకు చెడకముందే వాసన పలచబడుతుంది. ఎండ, వేడి తగిలితే ఇంకా త్వరగా పోతుంది. మన కోస్తా, తెలంగాణ వేసవిలో రేకుల షెడ్డులో ఉంచిన డబ్బా, గడువు తేదీ మిగిలి ఉన్నా, పస తగ్గి ఉండవచ్చు. చలికాలానికి ముందు సరుకు తెచ్చుకొని, వేసవి ముదరకముందే ఖాళీ చేసుకోవడం ఉత్తమం.

మన బజారు తీరు

తెలుగు రాష్ట్రాలలో చెప్పుకోదగిన తేయాకు తోటలు లేవు. సరుకంతా అస్సాం, ఉత్తర బెంగాల్, నీలగిరుల నుంచి రావలసిందే. ఇక్కడి గిరాకీ ప్రధానంగా పాల టీకి పనికివచ్చే సన్న రకాలకు. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో డికాషన్ వేరుగా, పాలు వేరుగా కాచి కలిపి, ఉస్మానియా బిస్కట్టుతో అందించే పద్ధతి అందరూ ఎరిగినదే. ఒక విధంగా టీని మిఠాయితో జత కట్టే అలవాటు మన దగ్గర పాతదే. ఇక్కడ బిస్కట్టును కప్పులో ముంచుతారు. ఈ కొత్త సరుకులో బిస్కట్టు వాసన ఆకులోనే ఉంటుంది.

ఇరానీ టీ గిరాకీని ఈ సరుకు కదిలించగలదని ఎవరూ భావించనక్కరలేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో డ్రైఫ్రూట్లు, చాక్లెట్లు, బేకరీ సరుకు అమ్మే అంగళ్ళకు ఇది అనుబంధంగా సరిపోతుంది. మొదట మూడు రకాలు చాలు. ఏలకులు లేదా దాల్చిన చెక్క పెద్దవారికి, చాక్లెట్ యువకులకు, వెనిల్లా లేదా నారింజ పాలు లేకుండా తాగేవారికి. ఇరవై రకాలు పట్టితే పదిహేను నిలిచిపోతాయి.

సరుకు పట్టేముందు బ్రోకరు ఇచ్చిన నమూనాను రెండు కప్పులుగా కాచి చూసుకోవాలి. ఒకటి వేడిగా, ఒకటి చల్లారిన తర్వాత. వేడి కప్పులో పరిమళమే ముందుకు వస్తుంది. చల్లారిన కప్పులో ఆకు బయటపడుతుంది. చల్లారిన కప్పు కూడా వగరు లేకుండా, చక్కెర లేకుండా తాగగలిగితే ఆ సరుకు పట్టవచ్చు. తర్వాత నమోదు సంఖ్య, పరిమళం శాతం, తయారీ తేదీ చూసుకొని, తొలి ఆర్డరును రెండు నెలల అమ్మకానికి మించకుండా ఇవ్వడం మంచిది. అదే ఖాతాదారు రెండవసారి వచ్చి అదే రకం అడిగిన తర్వాత ఆర్డరు పెంచుకోవచ్చు.